కబడ్డీ ఆడేవాడికి పది రౌండ్ల పరుగు ఎందుకు? ముందు ఆట చూడండి, తర్వాత వర్కవుట్ రాయండి

కబడ్డీ టీమ్‌కి ఫిట్‌నెస్ ప్లాన్ రాసిమ్మని ఎవరన్నా అడిగితే నేను ముందు అడిగేది మ్యాచ్ వీడియోలు ఉన్నాయా అని. ఉండవేమో అనుకోకండి, ఇప్పుడు ఊళ్ళో జరిగే ప్రతి టోర్నమెంటూ ఎవడో ఒకడు యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాడు, కెమెరా ఊగుతూ ఉంటుంది, మైకులో కామెంటరీ చెవులు పగలగొడుతుంది, అయినా మనకి కావాల్సింది అందులో ఉంటుంది. అడిగినవాళ్ళు మాత్రం కొంచెం నీరసపడతారు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది సోమవారం ఇది మంగళవారం అది అని వాట్సాప్‌లో పంపించుకునే ఒక పేజీ.

నిజానికి చాలా గ్రౌండ్లలో ఆ పేజీ ఎప్పటినుంచో ఉంది. పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, తర్వాత దండీలు, బస్కీలు, తర్వాత ఆట. ఇదెక్కడినుంచి వచ్చిందా అని చూస్తే పెద్ద రహస్యమేం లేదు, మన కబడ్డీ కుర్రాళ్ళలో సగం మంది అదే గ్రౌండ్‌లో కానిస్టేబుల్ సెలెక్షన్‌కో ఆర్మీకో ప్రిపేర్ అవుతుంటారు, అక్కడ 1600 మీటర్ల పరుగు ఉంటుంది, దానికోసం పరిగెత్తేవాడి వెనకాలే మిగతావాళ్ళూ పరిగెత్తేస్తారు. ఉద్యోగానికి ఆ పరుగు కావాలి, కాదనట్లేదు. కానీ కూతకి వెళ్ళడానికి కావాల్సింది అదేనా అన్నది వేరే ప్రశ్న.

కోచింగ్ కోర్సుల్లో దీన్ని నీడ్స్ అనాలిసిస్ అంటారు. పేరు ఘనంగా ఉంది గానీ పని మామూలే, ఈ ఆట ఒంటినుంచి ఏమేం లాగుతుంది, మనోడి ఒంట్లో ఇప్పుడు ఎంతుంది, తేడా ఎక్కడుంది అని చూడటం. ప్లాన్ రాసేది ఆ తేడాకి.

రూల్స్ నుంచే మొదలుపెడదాం, దీనికి వీడియో కూడా అక్కర్లేదు. సీనియర్ మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే మిడ్ లైన్ నుంచి ఎండ్ లైన్‌కి 6.5 మీటర్లు. బాక్ లైన్ (ఎవర్నీ ముట్టుకోకపోయినా రైడర్ దాటి రావాల్సిన గీత) మిడ్ లైన్ నుంచి 3.75 మీటర్ల దగ్గర ఉంటుంది, బోనస్ లైన్ (దాటితే అదనపు పాయింట్ దొరికే గీత) ఇంకో మీటరు లోపలికి. రైడర్, అంటే కూతకి వెళ్ళేవాడు, ఎంత పొడిచినా అతనికి ఎదురుగా ఉన్న దారి ఆరు మీటర్ల చిల్లర, అందులోనూ ఏడుగురు కాచుక్కూర్చుని ఉంటారు. వంద మీటర్లు పరిగెత్తేవాడికి ఫుల్ స్పీడ్ అందుకోడానికి ముప్పై మీటర్లు దాటాలి, మన రైడర్ కెరీర్ మొత్తంలో కోర్టు మీద ఆ స్పీడ్ చూడడు. అతనికి కావాల్సింది మొదటి రెండు మూడు అడుగులు, ఆ వెంటనే ఠక్కున ఆగడం, ఒంటికాలి మీద తిరిగి వెనక్కి రావడం. ఆగడం అన్నమాట ఒకసారి గట్టిగా అనుకోండి, ఎందుకంటే మన ట్రైనింగుల్లో పరిగెత్తడం నేర్పేవాళ్ళున్నారు గానీ ఆగడం నేర్పేవాళ్ళు చాలా తక్కువ.

ఇప్పుడు టైము లెక్క. 20 నిమిషాల సగాలు రెండు, మధ్యలో 5 నిమిషాల బ్రేక్. ఒక కూత 30 సెకన్లు మించకూడదు. మొత్తం 40 నిమిషాలూ ప్రతి కూతా ఫుల్లుగా 30 సెకన్లు నడిచిందనుకున్నా 80 కూతలు, అంటే టీమ్‌కి 40. మెయిన్ రైడర్ అందులో సగం వెళ్తాడనుకోండి, ఇరవై కూతలు. ఒక కూతకీ ఇంకో కూతకీ మధ్య అవతలివాళ్ళ కూత, మనవాళ్ళలో ఇంకొకడి కూత, మళ్ళీ అవతలివాళ్ళది, ఎక్కువలో ఎక్కువ నిమిషన్నర. ఆ నిమిషన్నరలో అవతలివాడు వచ్చినప్పుడు ఇతను ఖాళీగా నిలబడడు, డిఫెన్స్‌లో ఉంటాడు.

ఒంట్లో ఏం జరుగుతుందో దీన్ని బట్టే తెలిసిపోతుంది. నాలుగైదు సెకన్ల పూర్తి బలం కావాల్సిన పనికి కండరం వాడుకునేది క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వని. అది అయిపోతే మళ్ళీ సగం నిండటానికి సుమారు అర నిమిషం, దాదాపు పూర్తిగా నిండటానికి మూడు నిమిషాల పైమాటే. మన రైడర్‌కి దొరికేది నిమిషన్నర. అంటే రెండో సగం వచ్చేసరికి ప్రతిసారీ నిండని ట్యాంకుతోనే వెళ్తున్నాడు. ఆ నిల్వని నింపేది ఆక్సిజన్‌తో నడిచే సిస్టమే కాబట్టి గుండె, ఊపిరితిత్తుల స్టామినా అస్సలు వద్దు అనే జిమ్ బ్యాచ్ మాట కూడా తప్పే. పది రౌండ్లవాళ్ళు చెప్పేదాంట్లో నిజం ఉంది, కాకపోతే వాళ్ళు అక్కడే ఆగిపోయారు. పది రౌండ్లు ఒకే స్పీడ్‌లో తిరిగితే ఆగి తిరగడం రాదు, పక్కకి కదలడం రాదు, మీద ముగ్గురు పడినప్పుడు లాక్కురావడం అసలే రాదు.

సరే, ఇప్పుడు వీడియో. నేను ఒక కూతని పావు స్పీడ్‌లో పెట్టి చూస్తా, మీరూ ఒకసారి చూడండి, ఇక కబడ్డీ వేరేలా కనపడుతుంది. మా దగ్గర ఆడే ఒక లెఫ్ట్ రైడర్ కూత ఒకటి చెప్తా. గీత దాటాక మొదటి పది పన్నెండు సెకన్లు చూస్తే ఏమీ చెయ్యనట్టే ఉంటాడు, పక్కకి పక్కకి అడుగులేస్తూ కార్నర్‌ని (డిఫెన్స్ వరసలో చివర నిలబడేవాణ్ణి) చూస్తుంటాడు. కానీ మోకాళ్ళు ఎప్పుడూ తిన్నగా ఉండవు, నడుం కిందకే ఉంటుంది, మడమలు నేలకి ఆనవు, బరువంతా ముందరి పాదాల మీద. అంటే ఆ "ఏమీ చెయ్యని" టైమంతా తొడలు, పిక్కలు పని చేస్తూనే ఉన్నాయి. తర్వాత బోనస్‌కి కాలు పెట్టినట్టు ఒక దొంగ అడుగు. కార్నర్ కుర్రాడు కదిలాడు. ఇక అక్కణ్ణుంచి మొత్తం మూడు సెకన్లే: కుడికాలు చాచి టో టచ్, అంటే కాలి వేళ్ళతో తాకడం (ఆ కాలు చాచినప్పుడు ఎడమకాలి మీద ఒంటి బరువంతా, మోకాలు బాగా వంగి ఉంది), వెనక్కి తోసుకుంటూ తిరగడం, కవర్ (కార్నర్‌కి లోపలి పక్క నిలబడే డిఫెండర్) మీదకొచ్చి నడుం పట్టుకోవడం, అతన్ని ఈడ్చుకుంటూ ముందుకి పడి వేలి కొసలతో మిడ్ లైన్ అందుకోవడం. పదిహేను సెకన్ల కూతలో ఒళ్ళు పూర్తిగా పెట్టింది ఆ మూడు సెకన్లే, ఆ మూడు సెకన్లలోనే గజ్జల కండరం, తొడ వెనక భాగం, నడుం, వేళ్ళు అన్నీ పరీక్షకి కూర్చున్నాయి.

ఇలా ఒక పది కూతలు చూసి నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటే చాలు, ఎన్నిసార్లు పక్కకి కదిలాడు, ఎన్నిసార్లు కాలు చాచాడు, ఎన్నిసార్లు పెనుగులాట, ఎన్ని సెకన్లు. పెద్ద టీములకి జీపీఎస్ వెస్టులుంటాయి, ఆటగాడి మీద కెమెరాలుంటాయి, మనకి ఫోనూ పెన్నూ చాలు, నిజంగానే చాలు.

కబడ్డీకి మాత్రమే ఉన్న ఇంకో రెండు సంగతులు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తాయి, ఫుట్‌బాల్ కోసం రాసిన ప్లాన్ తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరకపోవడానికి కారణం కూడా ఇవే.

ఒకటి, కూత. కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా అంటూనే ఉండాలి. బరువెత్తేటప్పుడు మనం ఏం చేస్తాం, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టి ఎత్తుతాం, ఆ బిగింపుతోనే నడుం గట్టిగా నిలబడుతుంది. రైడర్‌కి ఆ సౌకర్యం లేదు. నలుగురు మీదపడి వెనక్కి లాగుతున్నప్పుడు కూడా గాలి బయటికి వదుల్తూనే నడుం బిగించాలి, కూత తెగితే అవుట్. మరి జిమ్‌లో ఎప్పుడూ ఊపిరి బిగబట్టి డెడ్‌లిఫ్ట్ చేసినవాడికి ఇది ఎక్కడ అలవాటవుతుంది? అందుకే మేం స్లెడ్ (బరువు పెట్టి నేలమీద ఈడ్చే బండి) లాగించేటప్పుడు, నడుముకి తాడు కట్టి ఇద్దరు వెనక్కి లాగేటప్పుడు కూత పెట్టిస్తాం. గట్టిగా, అందరికీ వినపడేలా. మొదట్లో నవ్వుకుంటారు, రెండో రౌండ్‌కి నవ్వటానికి ఊపిరుండదు.

రెండోది అవుటయ్యి కూర్చోవడం. వేరే ఆటల్లో బాగా ఆడేవాడు కంటిన్యూగా ఆడుతుంటాడు లేదా సబ్‌స్టిట్యూట్ అయి వెళ్ళిపోతాడు. ఇక్కడ మీ మెయిన్ రైడర్‌ని పట్టేస్తే బయట బ్లాకులో కూర్చుంటాడు, మనవాళ్ళు పాయింట్ తెచ్చేదాకా. అది నలభై సెకన్లు కావచ్చు, ఐదారు నిమిషాలు కావచ్చు, ఎవరికీ తెలీదు. చెమట ఆరిపోయి కండరాలు చల్లబడ్డాక ఒక్కసారిగా రివైవ్ అవుతాడు, వచ్చీ రాగానే డూ ఆర్ డై రైడ్ (రెండు ఖాళీ కూతల తర్వాత పాయింట్ తేకపోతే అవుటయ్యే కూత) అతని నెత్తిన పడుతుంది. తొడ వెనక పట్టేసేది ఇలాంటప్పుడే. దీన్ని ప్రాక్టీస్‌లో పెట్టినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పెట్టడం చాలా ఈజీ, మ్యాచ్ ప్రాక్టీస్ మధ్యలో ఒకణ్ణి లాగి కూర్చోబెట్టండి, నాలుగు నిమిషాల తర్వాత పేరు పిలిచి వెంటనే కూతకి పంపండి. కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించడం, తొడలు బిగించి వదలడం, లేచి నాలుగడుగులు వెయ్యడం అలవాటు చెయ్యండి, రూల్స్ ఒప్పుకున్నంతలో.

ఇక పొజిషన్లు. టీమ్ మొత్తానికి ఒకటే వర్కవుట్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కార్నర్‌లో ఆడేవాడు అవతలివాడి కూత అంతసేపూ సగం బస్కీలో, చెయ్యి పక్కవాడి చేతిలో పెట్టి చైన్‌లో ఉంటాడు, ఆ తర్వాత పాము పడగ విప్పినట్టు ఒక్కసారి దూకి యాంకిల్ పట్టాలి. అతనికి తొడల్లో ఓపిక, వేళ్ళల్లో పట్టు. ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలి లెఫ్ట్ కార్నర్‌లో ఎలా కూర్చుంటాడో చూడండి, ఎంతసేపు కదలకుండా ఉంటాడో, కదిలితే ఎంత త్వరగా అయిపోతుందో. కవర్ ఆడేవాడి సంగతి వేరే, అతని పని బ్లాక్, డాష్, అంటే భుజంతో గుద్ది లాబీ (కోర్టు పక్క అంచున ఉండే పట్టీ) బయటికి నెట్టడం, కాబట్టి భుజం, మెడ, నడుం గట్టిగా ఉండాలి, రెండడుగుల్లో మొత్తం బలం పెట్టగలగాలి.

రైడర్లలోనూ అందరూ ఒకటి కాదు. ప్రో కబడ్డీ లీగ్ (పీకేఎల్)లో మన తెలుగు టైటాన్స్‌కి ఆడిన సిద్ధార్థ్ దేశాయ్ లాంటివాడు పట్టుకున్నవాళ్ళని కూడా మోసుకుని వచ్చేస్తాడు, అది పవర్. ఇంకో రైడర్ పర్దీప్ నర్వాల్ డుబ్కీ వేరే సబ్జెక్టు, చైన్ కిందనుంచి ఛాతీ మోకాళ్ళకి తగిలేంత వంగి, అలా వంగే ముందుకి దూసుకురావాలి, తుంటి కీలు పూర్తిగా మడవగలిగినవాడికే అది సాధ్యం. మీ కుర్రాడు డుబ్కీ కొట్టాలనుకుంటూ అడుగుదాకా బస్కీ తియ్యలేకపోతే సమస్య టెక్నిక్‌లో లేదు, తుంటిలోనో చీలమండలోనో ఉంది. పవన్ సెహ్రావత్ 2019లో బెంగళూరు బుల్స్ తరఫున హర్యానా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చాడు, అందరూ ఆ జంప్‌లు గురించి మాట్లాడతారు, నాకైతే ఒకే మ్యాచ్‌లో అన్ని కూతలకి వెళ్ళి చివర్లో కూడా అదే స్పీడ్‌తో తిరగడమే అద్భుతంగా అనిపిస్తుంది.

ఆ పవన్ సంగతే ఇంకోటి. 2022 సీజన్‌కి తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి కొంది, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. (తర్వాతి సీజన్‌కి మన టైటాన్స్ 2.605 కోట్లకి తీసుకుంది, ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి.) ఆట ఏం అడుగుతుంది అని చూసేటప్పుడు ఆట ఎక్కడ విరగ్గొడుతుంది అనేది కూడా చూడాలి. కబడ్డీలో మోకాలు, చీలమండ, భుజం, వేళ్ళు. మోకాలు ఎందుకంటే పాదం నేలకి అతుక్కుని ఉండగా ఒళ్ళు తిరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఎవడో పక్కనుంచి డాష్ కొడతాడు. మట్టి కోర్టులో పాదం కొంచెం జారి తప్పించుకుంటుంది, మ్యాట్ మీద షూతో అలా జారదు, ఆ మెలి అంతా మోకాలికే వెళ్తుంది. ఊళ్ళో మట్టి మీద పెరిగి జిల్లా సెలెక్షన్‌కి మొదటిసారి మ్యాట్ ఎక్కే పిల్లలకి నాకున్న పెద్ద భయం ఇదే. కనీసం కొన్ని వారాల ముందునుంచి షూతో, మ్యాట్ మీద, తక్కువ స్పీడ్‌లో తిరగడం ఆగడం చేయించాలి. మ్యాట్ దొరక్కపోతే మ్యాట్ ఉన్న ఊరికి బస్సెక్కించైనా సరే. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగితే ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది, ఆ ఖర్చుతో పోలిస్తే బస్సు చార్జీ ఎంత.

ఆడపిల్లల టీములకి కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. మనుషులు మాత్రం అదే ఏడుగురు. అంటే ఖాళీ ఇంకా తక్కువ, తిరగడానికి చోటు తక్కువ, దగ్గరి పెనుగులాట ఎక్కువ. అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాల రిస్క్ ఎక్కువని ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో చాలా ఏళ్ళనుంచి తెలిసిన విషయమే, కాబట్టి దూకి దిగడం, ఒంటికాలి మీద నిలవడం వాళ్ళ ప్లాన్‌లో మొదటి పేజీలో ఉండాలి. చాలాచోట్ల అబ్బాయిల ప్లాన్‌లోనే సంఖ్యలు సగం చేసి ఇచ్చేస్తున్నారు, అది ప్లాన్ కాదు.

ఇప్పుడు మనోడి ఒంట్లో ఏముందో చూడాలి. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఐదు మీటర్లు, పది మీటర్లు ఎంతలో వెళ్తాడో ఫోన్ స్లో మోషన్‌లో తియ్యండి. ఐదు మీటర్లు వెళ్ళి గీత తొక్కి వెనక్కి రావడం, కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి. నిలబడి లాంగ్ జంప్. ఒంటికాలితో గెంతి ఆగడం, రెండు కాళ్ళకీ పదిశాతం పైన తేడా ఉంటే ముందు అది చూడండి. కడ్డీకి టవల్ చుట్టి ఎంతసేపు వేలాడతాడో చూస్తే పట్టు తెలిసిపోతుంది. స్టామినాకి యోయో టెస్ట్, 20 మీటర్లు వెళ్ళి రావడం, పది సెకన్లు రెస్ట్, బీప్ స్పీడ్ పెరుగుతూ పోతుంది, ఆగి తిరిగే ఆటలకి గ్రౌండ్ రౌండ్ల కన్నా ఇది చాలా దగ్గర.

టెస్టులు అయ్యాక ప్లాన్ దాదాపు తనే రాసుకుంటుంది. పది మీటర్లు బాగానే ఉండి ఆగి తిరగడంలో వెనకబడ్డవాడికి ఇంకా స్ప్రింట్లు పెట్టి లాభం లేదు, అతనికి కాళ్ళ బలం, నెమ్మదిగా కిందకి దిగే బస్కీలు, దూకి దిగి అలాగే గడ్డకట్టినట్టు ఆగడం. గజ్జలకి కోపెన్‌హాగన్ ప్లాంక్, పైకాలు బెంచీ మీద పెట్టి పక్కకి పడుకుని లేవడం, మొదటిరోజు పది సెకన్లు ఉండలేక తిట్టుకుంటారు. తొడ వెనక్కి నార్డిక్, ఒకడు మడమలు పట్టుకుంటే ఇంకొకడు మోకాళ్ళ మీదనుంచి నెమ్మదిగా ముందుకి వాలడం, ఇది పెట్టిన టీముల్లో హామ్‌స్ట్రింగ్ గాయాలు సగం దాకా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది, ఎక్కువగా ఫుట్‌బాల్ మీద చేసినవే అయినా కండరం అదే కదా. కవర్లకి ఇసుక బస్తా గుండెలకి హత్తుకుని నడవడం, కార్నర్లకి టవల్ పట్టు. స్టామినాకి కూత రూపంలోనే, ఇరవై సెకన్లు కూత పెడుతూ నిజమైన స్పీడ్‌తో, తర్వాత నిమిషన్నర డిఫెన్స్ అడుగులు, ఇలా ఆరేడు, ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ ఆరేడు. వారానికి రెండుసార్లు చాలు. పది రౌండ్లు ఇష్టమైనవాళ్ళు ఆదివారం తిరగండి, నెమ్మదిగా, మాట్లాడుకుంటూ, దానివల్ల లాభమే.

క్యాలెండర్ మర్చిపోకూడదు. పీకేఎల్ ఆటగాడికి నెలల తరబడి సీజన్, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రోజులుంటాయి. మన సంక్రాంతి టోర్నమెంటులో అలా కాదు, ఫ్లడ్ లైట్ల కింద రాత్రి మొదలైతే తెల్లారేదాకా, గెలిచే టీమ్ ఒకే రాత్రి మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడాలి, మధ్యలో మంచులో కూర్చుని పునుగులు తింటూ. ఇది పూర్తిగా వేరే డిమాండ్. కాబట్టి డిసెంబర్‌లో ఒకే సాయంత్రం రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు, మధ్య గంట గ్యాప్ అని పెట్టుకోవాలి, ఆ గ్యాప్‌లో ఏం తినాలో (అరటిపండు, ఉప్మా, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు), ఎలా మళ్ళీ వార్మప్ అవ్వాలో, ఒంటిమీద స్వెట్టర్ ఉందో లేదో కూడా ప్రాక్టీసే. జనవరి మొదటివారం బస్తాలు మొయ్యడం ఆపెయ్యండి.

చివరికి బరువు. సీనియర్ మగవాళ్ళలో 85 కిలోలు దాటకూడదు, లోకల్‌లో ఒక్కో టోర్నమెంటుది ఒక్కో లిమిట్. ముందురోజు మంచినీళ్ళు మానేసి, జర్కిన్ వేసుకుని పరిగెత్తి రెండు కిలోలు దించేవాళ్ళు ప్రతి టీమ్‌లో ఉంటారు, వాళ్ళే రెండో మ్యాచ్‌లో పిక్కలు పట్టేసి పడిపోతారు. ఎంత బలం పెంచినా ఆ రాత్రి ఆ నీళ్ళతో పాటే పోతుంది. అందుకే ప్లాన్‌లో మొదటి వారం నుంచే బరువు కాలమ్ పెట్టండి, ప్రతి సోమవారం పొద్దున టిఫిన్‌కి ముందు, అదే మెషిన్ మీద, రెండు కిలోల పైన ఉన్నవాడికి అప్పుడే చెప్పండి, టోర్నమెంటు రెండు నెలలుండగా రాత్రి భోజనంలో అన్నం కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది.